దండుకు ముందు నడిచినవాళ్ల ఊళ్లలో

కడప జిల్లా వెళ్తున్నానని చెప్పగానే మా రాజమండ్రిలో నలుగురు నాలుగు మాటలు అన్నారు. ఎండ అన్నారు, కారం అన్నారు, మనుషులు మొరటు అన్నారు. తీరా అడిగితే వాళ్లలో ఒక్కరూ అటు వెళ్లినవాళ్లు కారు. నేను వెళ్లి వచ్చాను. ఎండ నిజం, కారం మరీ నిజం. మూడో మాట సంగతి మీరే చదివి తేల్చండి.

నేను ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. పరాయివాళ్ల రాతల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఇంట్లో కూడా ఆ పని మానవని మా ఆయన సణుగుతుంటారు. అలాంటి నా చేతికి పోయినేడు మా నాన్న రాతలే వచ్చి పడ్డాయి.

నాన్న పేరు అప్పారావు. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. శ్రీలంకలో అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో, శాంతి నిలబెట్టి రమ్మని మన దేశం అక్కడికి పెద్ద సైన్యాన్ని పంపింది. శాంతి కోసమని దిగిన ఆ సైన్యం కొద్ది నెలల్లోనే యుద్ధంలో పీకల దాకా దిగబడింది. ఆ దండులో నాన్నది ఇంజనీర్ల కంపెనీ. ఇంజనీర్లంటే కాగితం మీద గీతలు గీసేవాళ్లనుకునేరు. సైన్యం వెళ్లే దారిలో పాతిపెట్టిన మందుపాతరలు వెతకడం వాళ్ల పని. అంటే అందరికంటే ముందు నడవాలి.

నాన్న పోయాక పెట్టెలో నాలుగు నోటుపుస్తకాలు దొరికాయి. మొదటి పేజీలో ‘మా కంపెనీ చరిత్ర’ అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఏ ఊళ్లో ఎన్నాళ్లు ఉన్నారు, ఏ బావి నీళ్లు ఉప్పగా ఉన్నాయి, తాటాకు దడుల వెనక నుంచి తమను ఎవరు చూశారు, వంటవాడు సాంబారు ఎలా మాడబెట్టాడు, అన్నీ ఉన్నాయి. ప్రతి పనికీ చేసినవాడి పేరు ఉంది. రెండు వందల కాపీలు వేయిద్దామని దిద్దడానికి కూర్చున్నదాన్ని, మూడో పుస్తకంలో ఆగిపోయాను. ‘ఆ సాయంత్రం దారి సాఫ్ (మందుపాతరలు లేవు) అని చెప్పినవాడు’ అని రాసి, పక్కన పేరు పట్టేంత జాగా ఖాళీగా వదిలేశారు. దాని కింద, ‘నాగన్న నడిచాడు. రోడ్డు కింది మోరీ దగ్గర పేలింది. నాగన్న పోయాడు’ అని ఉంది. అంతే, మర్నాటి సంగతుల్లోకి వెళ్లిపోయారు.

ఖాళీతో పుస్తకాన్ని అచ్చుకు పంపడం నా వల్ల కాదు. అట్ట లోపల మూడు చిరునామాలు ఉన్నాయి, మూడూ కడప జిల్లావే. ప్రొద్దుటూరులో ఖాదర్ బాషా, జమ్మలమడుగులో ఓబులేసు. వీళ్లిద్దరూ నాన్న కంపెనీవాళ్లు. మూడోది పులివెందులలో ఉంటున్న నాగన్న భార్య రామలక్షుమ్మది. సెలవు పెట్టి బస్సెక్కాను.

ప్రొద్దుటూరు: దూదిలో గింజ

పొద్దున్నే ప్రొద్దుటూరులో దిగి, హోటల్లో టిఫిన్ ఏముందని అడిగితే ఉగ్గాని అన్నారు. మరమరాలను తడిపి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి పెడతారు. మరమరాలు మాకు సాయంత్రం కాలక్షేపం, ఇక్కడ పొద్దుటి పలహారం. పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టారు. మా వైపు బజ్జీ మిరపకాయకు పేరే గానీ కారం ఉండదు. ఆ ధైర్యంతో సగం ఒక్కసారే కొరికాను. నా కళ్ల నీళ్లు చూసి సర్వరు జాలిపడి, "నీళ్లు తాగాకు మా, ఇంగా మండుతాది. ఉగ్గాని తిను" అన్నాడు. నలభై రూపాయలకు కడుపూ నిండింది, నోరూ కాలింది.

అక్కడి నుంచి నడుస్తూ వెళ్తే ఒక వీధి పొడుగునా బంగారు అంగళ్లే. గుమ్మం ముందు నీళ్లు చల్లుకుంటూ, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించుకుంటూ ఒక్కొక్కరే షట్టర్లు ఎత్తుతున్నారు. మా ఊరి కూరగాయల మార్కెట్లో వంకాయల కొట్లు ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయో ఇక్కడ బంగారం కొట్లు అంత దగ్గరగా ఉన్నాయి. నోరు తెరుచుకుని చూస్తూ రెండుసార్లు దారి తప్పాను.

ఖాదర్ బాషా గారి పరుపుల అంగడి ఆ వెనక సందులో ఉంది. డెబ్బైకి దగ్గర పడ్డ సన్నటి మనిషి, ఒళ్లంతా దూది. సైన్యం నుంచి వచ్చాక చాన్నాళ్లు కువైట్‌లో బండి తోలి, తిరిగొచ్చి తాతల నాటి పనిలోనే కూర్చున్నారట. నేనెవరో చెప్పగానే లేచి నిలబడ్డారు.

"హవల్దార్ సాబ్ కూతురా? రా పాపా, కూచో. మీ నాయన పోయినాడని ఓబులేసు ఫోన్ జేసినాడు. ఆ పొద్దు నాకు అన్నం పోలేదు."

మాట్లాడుతూనే చేతిలోని పొడవాటి సూదిని పరుపులోకి గుచ్చి, ఆగి, బయటికి తీసి, జానెడు అవతల మళ్లీ గుచ్చారు. "ఈడ గింజ ఉండాది" అని కుట్టు విప్పి, వేలు పెట్టి ఒక పత్తిగింజను లాగి నా చేతిలో వేశారు. అంత మందం దూదిలో అంత చిన్న గింజ!

"ఆడ కూడా ఇదే పని పాపా. సూదికి బదులు ఇనప కడ్డీ, అంతే. బోర్లా పండుకోని ఏటవాలుగా గుచ్చల్ల. నిలువునా గుచ్చితే మనమే పైకి పోతాము. జానెడు జూసి జానెడు జరగల్ల."

"మరి వెనక ఎవరుంటారు బాబాయ్ గారూ?"

"ఎనక దండంతా ఉంటాది. లారీలు, ఫిరంగులు, డాక్టర్లు, వంటోళ్లు. కండ్లు పారినంత దూరం నిలబడి మా తట్టే సూస్తాంటారు. ముందర మేము ఆరుమందిమి."

నాన్న పుస్తకంలో ఈ మాట పదిసార్లు దిద్దాను. అక్షరదోషాలు సరి చేశాను, కామాలు పెట్టాను. ఆ అంగట్లో కూర్చుని విన్నప్పుడు గానీ అది కళ్లకు కట్టలేదు. ఫిరంగులున్న సైన్యం మొత్తం, నేల మీద బోర్లా పడుకున్న ఆరుగురు చెయ్యి ఎత్తితే తప్ప కదలదు. ఆ ఆరుగురిలో ఒకరు ఇప్పుడు నా ఎదుట కూర్చుని పరుపు కుట్టుకుంటున్నారు. పక్క అంగడివాళ్లకు ఈ సంగతి తెలుసా అని అడిగితే, "దానికేముంది చెప్పేది" అని నవ్వేశారు.

అప్పుడే ఒక కట్టుబాటు గురించి చెప్పారు. "దారి సాఫ్ అని ఊరికే అనగూడదు పాపా. ఎవురు అంటే వాడే ఆ దారిన ఒంటిగా నడిచి సూపియ్యల్ల. ఆ కొసకు పోయి చెయ్యెత్తితేనే దండు కదిలేది. ఇది పెట్టింది మా నాగన్న. వాండ్లు పులివెందుల కాడ ముగ్గురాయి గనుల్లో బండ పేల్చను తూటాలు పెట్టే ఇంటోళ్లు. పెట్టిన తూటా పేలలేదనుకో, వత్తి ముట్టించినోడే పోయి సూడల్ల. ఇంగొకన్ని పంపగూడదు. ఆ గని మాటను దండులోకి తెచ్చినాడు. మీ నాయన కూడా అదే మంచిదన్యాడు."

నేను మూడో నోటుపుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివారు. ఖాళీ జాగా మీద వేలు ఆనించారు.

"ఇది ఇట్లే ఉండనీ పాపా."

"అచ్చులో ఖాళీ ఉండకూడదు. ఎవరు చెప్పారో మీకు తెలుసు కదా?"

"తెలుసు. నేను చెప్పగూడదు."

ఇక ఎంత అడిగినా సూది పనిలోంచి తల ఎత్తలేదు. వాళ్లావిడ మాత్రం అన్నం తినకుండా పంపించలేదు. జమ్మలమడుగు బస్సులో కూర్చున్నాక నా ఉద్యోగబుద్ధి ఊరుకోలేదు. నాగన్నే చెప్పి నడిచి ఉంటే నాన్నకు దాచాల్సిన అవసరం ఏముంది? ఆ సాయంత్రం కడ్డీ పట్టుకున్నది ఖాదర్ బాషా అని ముందు పేజీలోనే ఉంది. సాఫ్ అని చెప్పి, తీరా నడవడానికి భయపడి నాగన్నను పంపి ఉంటాడు, అందుకే మాట దాటేస్తున్నాడు అని తేల్చేసుకున్నాను. బ్యాగులోంచి పెన్సిల్ తీసి ఆ ఖాళీలో ఆయన పేరు రాశాను. ఇంతమాత్రం దానికి ఇంత దూరం రావాలా అని కూడా అనుకున్నాను.

జమ్మలమడుగు: లోయ అంచున

మా గోదావరి వైపు ఇటుక లేనిదే గోడ లేదు. జమ్మలమడుగు చుట్టూ అంతా నాపరాయే. ఇంటి గోడ, చేను కంచె, అరుగు, పశువుల నీళ్ల తొట్టి, చివరికి బస్సు కోసం కూర్చునే బల్ల కూడా బండే. ఓబులేసు గారికి బండలు నునుపు చేసే చిన్న మిషను ఉంది. బండ మీద సుత్తితో తట్టి, చప్పుడు విని, ఏది నిలుస్తుందో ఏది పగులుతుందో చెప్పేస్తారు. ఖాదర్ బాషా గారు సన్నటి మనిషైతే ఈయన మంచి ఎత్తూ లావూ. గొంతు మిషను చప్పుడును మించి వినిపిస్తుంది.

"మా ఊరికొచ్చి గండికోట సూడకుండా పోతావా? అన్నం తర్వాత, పద మా" అని నన్ను ఆటో ఎక్కించారు.

గండికోట ఫొటోలు మీరూ చూసే ఉంటారు. చూసి ఉంటే మరచిపోండి. కోట గోడలు దాటి, బండల మీద పాక్కుంటూ అంచుకు వెళ్తే, కాళ్ల కింద నేల ఉన్నట్టుండి అయిపోయింది. ఎక్కడో పాతాళంలో పెన్న. రెండు వైపులా ఎర్రటి రాతి గోడలు, ఎవరో ఒక్కొక్కటే పేర్చినట్టు నిలువునా లేచి ఉన్నాయి. గోదావరి వెడల్పు చూసి పెరిగినదాన్ని, నదంటే నాకు తెలుసనుకునేదాన్ని. అక్కడ కూర్చుండిపోయాను.

"ఈ యేరు కూడా మా మాదిరే. జానెడు జానెడు కోసుకుంటా పోయినాది" అన్నారు ఓబులేసు గారు.

తిరిగొచ్చేసరికి వాళ్లావిడ రాగి సంగటి, మైలవరం డ్యాము చేపల పులుసు, చెనిక్కాయల ఊరిబిండి (మా భాషలో వేరుశనగ పచ్చడి) సిద్ధం చేశారు. నేను సంగటిని అన్నంలా కలపబోతే ఆవిడ నవ్వి, ముద్ద తుంచి పులుసులో అద్దుకుని నమలకుండా మింగాలని చూపించారు. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. నాలుగో ముద్దకు పని వచ్చేసింది, ఆరో ముద్దకు ఇంకాస్త పెట్టమని నేనే అడిగాను.

చేతులు కడుక్కున్నాక నోటుపుస్తకం ఇచ్చాను. పేజీ చూడగానే ఆయన మొహం మారిపోయింది.

"ఖాదర్ పేరు ఎవురు రాసినారు?"

"నేనే. పెన్సిల్‌తో రాశాను."

"తుడుపు."

"ఆయనే చెప్పను అన్నారు కాబట్టి..."

"ముందు తుడుపు మా!" అని ఆయన అరిచిన అరుపుకు వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను రబ్బరు వెతుక్కుని తుడిచాను. అప్పుడు ఆయన మొదలుపెట్టారు.

"ఖాదర్ సాఫ్ అనలా. మోరీ కాడ కడ్డీకి ఏందో తగుల్తాంది, ఇంగ కొంచేపు టైమీండి అన్యాడు. నేనూ నాగన్నా పక్కనే ఉండాము. ఎనక లారీలో దెబ్బలు తగిలినోళ్లు తొమ్మిది మంది. ఒకడు నీళ్లు నీళ్లని అరుస్తాండాడు. పొద్దు మునిగితే ఆడ్నే నిలబడిపోవల్ల. తెల్లారేసరికి వాండ్లలో ఎంతమంది మిగుల్తారో చెప్పలేము. మీ నాయన ఆ అరుపులు తట్టుకోలేకపాయె. సాఫ్ అని తానే కేకేసినాడు."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అయితే నాన్నే కదా నడవాలి?" అన్నాను.

"నడిచినాడు. కట్టుబాటు తప్పే మనిషి కాదు మీ నాయన. రెండడుగులు ఏసినాడు. నాగన్న ఎనక నుంచి బెల్టు పట్టుకోని గుంజినాడు. ‘సార్, మీరు సూడకుండా తొక్కుతారు, నేనైతే సూసి తొక్కుతా’ అని నవ్వుకుంటా ముందుకు పాయె. మోరీ కాడ నిలబడి, మందు కుడి పక్కన ఉండాదని కనుక్కోని, ఎడమ పక్కన రాండని చెయ్యి ఊపినాడు. ఆ చెయ్యి దించే లోపలే పేలిపాయె. లారీ ఎడమ పక్కన పోయింది. తొమ్మిది మందీ బతికిరి."

రామలక్షుమ్మ గారికి ఇదంతా తెలుసా అని అడిగాను.

"యాడ తెలుసు? నడిచింది నాగన్న అంటే, సాఫ్ అన్నదీ నాగన్నే అనుకున్యారు. గనులోళ్లకు అదే కదా లెక్క. తప్పు జెప్పి పేలిపించుకున్యాడని, తూటా మాట తప్పిన ఇల్లని పేరు పడిపాయె. తమ్ముడు చెన్నయ్యను గనిలో వత్తి ముట్టియ్యనియ్యలా. వాండ్ల నాయన మళ్లా గని మొగం సూడకుండానే సచ్చిపాయె."

"మీరు ఒక్కమాట చెప్పి ఉంటే పోయేది కదా!"

"మీ నాయన యాడాదికొక జాబు రాస్తాన్యాడు మా. నేనే వస్తా, నేనే చెప్తా అని. అన్నోడే నడవల్ల కదా? ఆయన నడక మేము నడిస్తే ఎట్ల?"

నాకు కోపం వచ్చింది. ఒక ఆడమనిషి ఇన్నేళ్లు నింద మోస్తుంటే, కట్టుబాటు అంటూ కూర్చున్న ఈ ఇద్దరి మీద వచ్చింది. అంతకంటే ఎక్కువగా నాన్న మీద వచ్చింది. ప్రతి వేసవిలో ఆయన సంచి సర్దుకుని, రెండు రోజులు వసారాలో కూర్చుని, మోకాళ్లు నొప్పి అని మళ్లీ బట్టలు బీరువాలో పెట్టుకునేవారు. యాత్రలకు వెళ్లే సరదా, ఓపిక లేదు అని అమ్మ నవ్వేది. మందుపాతరల మీద నడవబోయిన మనిషి పులివెందుల దాకా రాలేకపోయారు.

పులివెందుల: చీనీకాయల మండీ

మర్నాడు జమ్మలమడుగు బస్టాండులో ఖాదర్ బాషా గారు ఇస్త్రీ బట్టలు, నల్ల బూట్లు వేసుకుని నా కోసం నిలబడి ఉన్నారు. ఓబులేసు గారే ఫోన్ చేసి పిలిపించారు. నిన్న ఆయన గురించి ఏమనుకున్నానో చెప్పి క్షమించమని అడిగాను. "కడ్డీ నా చేతిలోనే ఉండె కదా పాపా, అనుకోవడంలో తప్పు లేదు" అన్నారు. బస్సెక్కాక మాత్రం ఒకటి గట్టిగా చెప్పారు.

"నేను వస్తా. పక్కన నిలబడతా. చెప్పేది మాత్రం నువ్వే."

తొండూరు దాటాక రెండు పక్కలా అరటి, చీనీ తోటలు. అంత ఎండలో, అంత రాళ్లలో అంత పచ్చదనం ఎలా తెచ్చారో తెలియదు. మామూలు రోజైతే కిటికీలోంచి తల తిప్పి ఉండేదాన్ని కాదు. ఆ రోజు మనసులో మాటలు పేర్చుకుంటూ, కొట్టేసుకుంటూ కూర్చున్నాను. బత్తాయిని ఇక్కడ చీనీకాయ అంటారు. పులివెందుల మండీలో అవి గుట్టలు గుట్టలుగా నేల మీద పోసి ఉన్నాయి. గాలి అంతా వాటి తొక్క వాసన.

రామలక్షుమ్మ గారు ఒక గుట్ట దగ్గర కూర్చుని కాయలు ఏరుతున్నారు. పింఛను వస్తుందట, ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని వస్తారట. చూపు మా మీద ఉంది, చేతులు మాత్రం పెద్ద కాయ కుడికి, చిన్న కాయ ఎడమకు వేస్తూనే ఉన్నాయి. ఖాదర్ బాషా గారిని గుర్తుపట్టి, నన్ను చూపించి ఎవరని అడిగారు. హవల్దారు కూతురినని, నాన్న కంపెనీ చరిత్ర అచ్చు వేయిస్తున్నానని చెప్పాను.

"దాంట్లో మా ఇంటాయన తప్పు కూడా రాసినారా?" అన్నారు. గొంతులో కోపం లేదు. "రాసుకోండి పాపా. జరిగిందే కదా. నేనేమీ అనుకోను."

పేర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "నాగన్న గారు చెప్పలేదమ్మా. సాఫ్ అని చెప్పింది మా నాన్న. మా నాన్న అన్న మాటకు మీ ఆయన నడిచారు" అని ఒక్క గుక్కలో అనేశాను. లారీ, తొమ్మిదిమంది, బెల్టు పట్టుకుని లాగడం, ఎడమ వైపుకు చెయ్యి ఊపడం, అన్నీ చెప్పాను. నాన్న వస్తానంటూనే రాలేకపోయారని కూడా చెప్పాను. ఆవిడ చేతులు ఆగలేదు. కానీ పెద్ద కాయలు చిన్నవాటిలో పడుతున్నాయి.

"నిజమేనా అన్నా?" అని ఖాదర్ బాషా గారిని అడిగారు.

"నిజం లక్షుమ్మా."

"అది చెడ్డ తావని మా ఇంటాయనకు తెలుసా?"

"తెలుసు. కడ్డీకి తగుల్తాందని నేనే చెప్పినా. తెలిసే పోయినాడు."

"ముప్పై ఆరేండ్లు గమ్మునుంటివి కదన్నా!"

ఆయన తల వంచుకున్నారు. "నాదీ తప్పే" అన్నారు. ఆవిడ చీర కుచ్చిళ్లు విదిలించుకుని లేచి, లారీలకు మూటలు ఎత్తుతున్న హమాలీల వైపు తిరిగి, మండీ అంతా వినేలా కేక వేశారు.

"రేయ్ చెన్నయ్యా! మీ అన్న తప్పు జెప్పలేదంటరా! సాఫ్ అన్నది మీ అన్న గాదంట!"

వీపు మీద మూటతో లారీ వైపు నడుస్తున్న ఒక ముసలాయన ఆగిపోయాడు. చుట్టుపక్కల వేలం పాటలు కూడా ఆగాయి. ఆయన మూట దించలేదు, ఇటు తిరగలేదు, అలాగే నిలబడ్డాడు. తర్వాత మూటను మెల్లగా నేల మీద పెట్టి, దాని మీదే కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పక్కనున్న హమాలీ ఒకాయన ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది. క్షమించమని అడగాలనుకున్నాను గానీ, ఎవరి తరఫున ఎవరిని అడగాలో తెలియలేదు. రామలక్షుమ్మ గారు నా దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తారు.

"నీకు వయసెంత పాపా?"

"ముప్పై నాలుగు."

"అంటే మీ నాయన ఆడ నుంచి తిరిగొచ్చినాక పుట్టినావు."

"అవునమ్మా. వచ్చిన మరుసటి ఏడు."

ఆవిడ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశారు. కళ్లు, చేతులు, చెప్పులు, అన్నీ చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత మళ్లీ అటు తిరిగి పిలిచారు. ఈసారి కేక వేయలేదు.

"చెన్నయ్యా, ఇట్లా రారా. మీ అన్న నడిస్తే పుట్టిన పాప ఇది. వచ్చి సూడు."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.